సిట్టింగా, కొత్త ముఖమా? ప్రైమరీ ఓటరుకు ఎదురు సలహాలు

అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు నవంబరు ఎన్నికల గురించి ఏడాదంతా వాదించుకుంటారు. కానీ పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ వచ్చేసరికి "వాళ్ల ఇంటి గొడవ మనకెందుకు" అని కదలరు. నేను దానికి అడ్డంగా చెబుతాను. ఏడాదికి ఒక్కసారే ఓటేసే తీరిక ఉంటే, అది ప్రైమరీకే ఇవ్వండి.

ఎందుకంటారా? 2018 జూన్ 26, డెమోక్రాట్ల ప్రైమరీ. న్యూయార్క్ 14వ నియోజకవర్గం, క్వీన్స్, బ్రాంక్స్ పేటలు. సిట్టింగ్ సభ్యుడు జో క్రౌలీ పదిసార్లు గెలిచినవాడు, ప్రతినిధుల సభ డెమోక్రాట్లలో నాలుగో పెద్ద. ఎదుట నిలబడింది 28 ఏళ్ల అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్. బ్రాంక్స్‌లో డిబేట్ పెడితే క్రౌలీ తాను రాకుండా, తన తరఫున ఒక మాజీ కౌన్సిల్ సభ్యురాలిని పంపాడు. నన్నడిగితే ఆయన అక్కడే ఓడిపోయాడు. పోలైన ఓట్లు 30 వేలు కూడా లేవు, తేడా 4 వేల పైచిలుకు. మన ఊళ్లో ఒక పెద్ద మేజర్ పంచాయతీకి పడేటన్ని ఓట్లతో అంత పెద్ద నాయకుడు దిగిపోయాడు. ఆ తర్వాత నవంబరు పోలింగు లాంఛనమే. ఆమెకు నూటికి 78 దాకా పడ్డాయి.

అందుకే రెండో సలహా ఇంకా ఎదురుగా ఉంటుంది: మీ నియోజకవర్గంలో ఎప్పుడూ ఒకే పార్టీ గెలుస్తుంటే, ఆ పార్టీ మీకు గిట్టకపోయినా అందులోనే పేరు నమోదు చేయించుకోండి. అసలు ఎంపిక జరిగేది అక్కడే. ఇది మోసం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. న్యూయార్క్‌లో పార్టీలో నమోదైనవాళ్లకే ప్రైమరీ ఓటు, ఇప్పటికే ఓటరైనవాళ్లు పార్టీ మార్చుకునే గడువు నెలల ముందే ముగిసిపోతుంది. వర్జీనియాలో పార్టీ నమోదే లేదు, ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడగొచ్చు.

మూడోది: సిట్టింగ్ సభ్యుడి తప్పుల చిట్టా ముందు పెట్టుకుని కూర్చోకండి. ముందు సీటు చూడండి, మనిషిని తర్వాత చూద్దురుగాని. క్రౌలీ కుటుంబం వాషింగ్టన్ దగ్గర ఉంటుందన్న విమర్శ వచ్చింది. 2012లో ఇండియానా సెనేటర్ రిచర్డ్ లూగర్ మీదా అదే విమర్శ. 1977లోనే అమ్మేసిన ఇంటి చిరునామా మీదే ఓటు ఉంచుకున్నాడు. రిపబ్లికన్ ఓటర్లకు కోపం వచ్చింది, న్యాయమే. ఆరుసార్లు గెలిచినవాణ్ని నూటికి 60 ఓట్లతో పక్కకు తోసి రిచర్డ్ మర్డాక్‌ను నిలబెట్టారు. అత్యాచారం వల్ల వచ్చే గర్భం గురించి మర్డాక్ అక్టోబరు డిబేట్‌లో నోరు జారాడు. రాష్ట్రంలో అధ్యక్ష పదవికి రోమ్నీ గెలిచిన రోజునే సెనేటు సీటు డెమోక్రాట్ జో డానెల్లీకి పోయింది. తప్పు ఒకటే, సీట్లు వేరు. పార్టీకి ఢోకా లేని చోట కనికరం చూపకండి. అటూ ఇటూ ఊగే చోట మాత్రం మచ్చ ఉన్నవాడినే ఇంకోసారి భరించండి. సోవియట్ అణ్వాయుధాలను నిర్వీర్యం చేయించే చట్టం తెచ్చిన ఇద్దరిలో లూగర్ ఒకడు. అలాంటి మనిషి పోవడం నాకిప్పటికీ బాధే.

గెలవని కొత్తవాడికి వేస్తే ఓటు వృథా అంటారు. నమ్మకండి. 1968 మార్చి 12న న్యూ హాంప్‌షైర్‌లో డెమోక్రాట్ల అధ్యక్ష ప్రైమరీలో సెనేటర్ యూజీన్ మెకార్తీ ఓడాడు, 42 శాతమే వచ్చింది. 49 శాతంతో గెలిచిన అధ్యక్షుడు జాన్సన్ 19 రోజులకే ఇక పోటీ చేయనన్నాడు. వియత్నాం యుద్ధం, రాబర్ట్ కెనెడీ బరిలోకి దిగడం కూడా కారణాలే కానీ, ఆ 42 శాతం లేకపోతే కెనెడీ కదిలేవాడు కాదని నా నమ్మకం.

ఇంటిపేరు చూసి, తెలుగువాడని మాత్రం వేయకండి. దీనికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

మన తెలుగు రాష్ట్రాల్లో పార్టీ అభ్యర్థిని ఓటుతో ఎంచుకునే ఈ వీలే లేదు. 2023లో తెలంగాణలో కేసీఆర్ దాదాపు సిట్టింగులందరికీ టికెట్లిచ్చి ఓడారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ఎమ్మెల్యేలను పెద్దఎత్తున మార్చి ఓడారు. రెండు చోట్లా బీ ఫామ్ ఎవరికివ్వాలో తేల్చమని పార్టీ కార్యకర్తను ఎవరూ ఓటు అడగలేదు. అమెరికాలో మిమ్మల్ని అడుగుతున్నారు. మీ రాష్ట్రంలో నమోదు గడువు ఎప్పుడో ఈ వారమే చూసుకోండి.