ముఖంలో ఫ్లాష్‌కు ఫీజా?

బ్రూస్ గిల్డెన్ అని అమెరికాలో ఓ పెద్దాయన, వీధి ఫొటోగ్రాఫర్. 1946లో బ్రూక్లిన్‌లో పుట్టారు, 1998లో ఫొటోగ్రాఫర్ల సంస్థ మాగ్నమ్‌లో చేరారు. న్యూయార్క్ వీధుల్లో దారిన పోయేవాళ్లకు అడ్డంగా వెళ్లి, ముఖం మీద ఫ్లాష్ కొట్టి, వాళ్లు తేరుకునేలోగా తన దారిన పోవడం ఆయన శైలి. కళ అని దండం పెట్టేవాళ్లున్నారు, దౌర్జన్యం అని దుమ్మెత్తిపోసేవాళ్లున్నారు. ఆయన వర్క్‌షాపులూ నడిపారు, అదీ ఫీజు తీసుకుని!

కెమెరా కొన్న వారానికే ‘మాస్టర్‌క్లాస్‌కు పోవాల్నా’ అని అడిగే తమ్ముళ్లూ, అంత దూరం దేనికి? కోరుట్లలో ఏ పెళ్లికైనా పోండి. తలంబ్రాల వేళ మండపమెక్కి, పంతులును పక్కకు జరిపి, పెళ్లికొడుకు ముక్కు కాడ ఫ్లాష్ వెలిగించే అన్న కనిపిస్తడు. కట్నాలు చదివించిన చుట్టాలకు దక్కేది ఆయన వీపు దర్శనమే. జగిత్యాలలో గల్ఫ్‌కు పోయేటోళ్ల పాస్‌పోర్టు ఫొటోలు చూడండి: ‘నవ్వకు, గదవ ఎత్తు, చెవులు కనబడాలె!’ అంత దిగాలు ముఖాలు న్యూయార్క్‌లో దొరుకుతయా?

సిరిసిల్లలో మాత్రం పైలం. తెగిన పోగు అతికే మరమగ్గాల కార్మికుడి కండ్లల్ల ఫ్లాష్ కొడితే, సాంచాల మోతలో తిట్లు వినబడవు గానీ చెయ్యి కనబడుతది.

ఫీజుకు దాచిన పైసలతో మంచి లెన్స్ కొనుక్కోండి. ఫ్లాష్ వద్దు, మన పెళ్లిళ్లకు ఉన్నవే ఎక్కువ.