కార్పెట్ మీద గోడ

ఇటుకను నానబెట్టాలి. నానని ఇటుక మాలులోని తడినంతా తాగేస్తుంది, సిమెంటు పట్టు పట్టక ముందే పొడిబారుతుంది. ఇసుక జల్లించే కూలీకి కూడా తెలిసిన సంగతి ఇది. తెలియనిదల్లా ఎగ్జిబిషన్ హాలు కార్పెట్‌కే. అది తడిస్తే డిపాజిట్ పోతుంది. అందుకే హైదరాబాద్‌లో ఒక నిర్మాణ సామగ్రి ప్రదర్శనలో కాబోయే ఆర్కిటెక్టుల కోసం పెట్టిన గంటసేపటి తాపీపని శిక్షణ నీళ్లు లేకుండా, మాలు లేకుండా, గోటికి దుమ్ము అంటకుండా దిగ్విజయంగా జరిగింది.

నేర్పడానికి వచ్చిన మేస్త్రీది శ్రీకాకుళం వైపు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి తడిమి తాపీ బయటికి లాగాడు. మొన పదునుగా ఉందట, లోపలికి వీల్లేదట. తాపీ తన దగ్గర పెట్టుకుని ఒక ప్లాస్టిక్ టోకెన్ చేతిలో పెట్టాడు. గుండూ దారమూ రసమట్టమూ మాత్రం నిరపాయకరమని తేలాయి. మెడలో వేసిన కార్డు మీద మేస్త్రీ పేరు లేదు, ‘వెండర్’ అని ఉంది.

పిల్లలందరికీ పచ్చ హెల్మెట్లు, తెల్ల గ్లవుజులు. ఆ హాల్లో నెత్తిన పడగలిగింది ఏదైనా ఉంటే అది స్పాన్సర్ల బ్యానరే. మొదటి ఇరవై నిమిషాలు ఫొటోలకు పోయాయి. తర్వాత వేదిక మీది పెద్దమనిషి 1591 నాటి చార్మినార్‌ను తలుచుకుని, ‘‘ఆ కట్టినవాళ్ల వారసులు మీరే’’ అన్నాడు. పిల్లల వైపు చూసే అన్నాడు. మేస్త్రీ వెనకాల ఇటుకలు మోస్తున్నాడు.

మొదటి వరస పేర్చగానే రసమట్టంలో బుడగ పక్కకి జారింది. కార్పెట్ కింద నేల ఎగుడుదిగుడు. చెక్కముక్క కోసం వెతికాడు, దొరకలేదు. జేబులోంచి టోకెన్ తీసి మూల ఇటుక కింద దోపాడు. బుడగ మధ్యకొచ్చింది. శిక్షణ మొత్తంలో అసలైన పాఠం ఇదొక్కటే. దాన్ని ఎవరూ ఫొటో తీయలేదు.

‘‘అన్నా, ఫ్లెమిష్ బాండ్ పెడదామా?’’ అందో అమ్మాయి.

‘‘పేరు తెల్దు తల్లీ. ఎలాగుంటాదో సెప్పు.’’

ఫోన్‌లో బొమ్మ చూపించింది. ‘‘ఓస్, ఒకటి పొడుగ్గా, ఒకటి అడ్డంగానా? మా తాత పెట్టీవోడు. మరి మూలకాడ ఏటి సేత్తారు?’’

నిశ్శబ్దం. ఎందుకంటే కాలేజీలో గీసిన షీటు మీద గోడకి మూల లేదు. కాగితం అంచు రాగానే గోడ ఆగిపోయింది, మార్కులు పడిపోయాయి. మూల దగ్గర ఇటుకను పొడవునా చీల్చి సన్నముక్క పెట్టకపోతే అతుకులు ఒకదాని మీద ఒకటి వచ్చి గోడ నిలువునా బీటలిస్తుంది. పుస్తకంలో దాన్ని ‘క్వీన్ క్లోజర్’ అంటారు. పేరు పిల్లలకి తెలుసు, పని మేస్త్రీకి తెలుసు. ఇద్దరినీ కలపడానికి ఒక గంట. అందులోనూ ఇరవై నిమిషాలు ఫొటోలు, పావుగంట ఏఏసీ బ్లాకుల కంపెనీ వాళ్ల వీడియో.

కళ్లు మూసుకుని తిట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లలు మంచివాళ్లే. తెల్లారకముందే కూలీల అడ్డా మీద తాపీ పట్టుకుని నిలబడే మనిషిని ఐదేళ్ల చదువులో ఒక్కసారైనా పలకరించమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే. కాలేజీ ప్రహరీ పక్కనే అపార్ట్‌మెంట్ లేస్తుంటుంది. అక్కడ నీళ్లున్నాయి, మాలుంది, మూలలూ ఉన్నాయి. ప్రవేశ రుసుమూ లేదు. బహుశా అందుకే నామోషీ.

బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్‌కి ఆ నామోషీ లేకపోయింది. తిరువనంతపురంలో కట్టడం దగ్గరే మేస్త్రీలతో నిలబడి, చేతికందిన చిత్తు కాగితం మీద గీసి చూపించేవాడు. ఇటుకను పక్కకి తిప్పి నిలబెట్టి, గోడ లోపల ఖాళీ వదిలే ‘ర్యాట్ ట్రాప్’ పద్ధతికి అక్కడ ప్రచారం తెచ్చింది ఆయనే. ఇటుకల్లో నాలుగో వంతు దాకా మిగులుతుంది, ఇల్లు చల్లగా ఉంటుంది. ఆయన మెడలో ఏ కార్డు వేసేవారో మరి!

ఇక చట్టాలు చూడండి. ‘ఆర్కిటెక్ట్’ అనే మాటను 1972 నాటి చట్టం కాపాడుతోంది. నమోదు కానివాడు బోర్డు మీద రాసుకోకూడదు. ‘మేస్త్రీ’ అనే మాటను ఏ చట్టమూ కాపాడదు, దాన్ని గోడే కాపాడుకోవాలి. మేస్త్రీ నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి. పిల్లలకి గంటకే సర్టిఫికెట్ వచ్చింది, అందులో ‘స్వహస్తాలతో’ అని బంగారు అక్షరాలు.

సాయంత్రం మేస్త్రీ గేటు దగ్గర తన తాపీ అడిగాడు.

‘‘టోకెన్?’’

‘‘గోడ కిందుంది బాబూ.’’

టోకెన్ లేనిదే ఇవ్వనన్నాడు సెక్యూరిటీ. వెనక్కి వెళ్తే నిర్వాహకుడు చేతులు అడ్డం పెట్టాడు. ముఖ్య అతిథి ఇంకా రాలేదు, ఆయన చూసేదాకా ఒక్క ఇటుకా కదలడానికి వీల్లేదు. మేస్త్రీ మళ్లీ గేటు దగ్గరికొచ్చి, తాపీ కోసం మెట్టు మీద తాపీగా కూర్చున్నాడు.