దారుణకోపాఖ్యానము

ముఖమునకు ఫేషియలైనది, పాదములకు పెడిక్యూరైనది, గోళ్లకు రంగులైనవి. మనుష్యశరీరమున సొమ్ము వసూలు చేయదగిన స్థలము జానెడైనను మిగులలేదు గదా యని నేను నిశ్చింతగా నుండగా, నెత్తి మిగిలియున్నదని ఎవరో కనిపెట్టిరి. తలకు ఫేషియలట! మొన్నటిదాక అది కొరియావారి ముచ్చట. నిన్న హైదరాబాదువారి ముచ్చట. నేడు మా బెజవాడలో, ఇరువదియేండ్లుగా నాకు క్షౌరము చేయుచున్న మనిషి దుకాణపు గుమ్మముమీదనే దాని బోర్డు వ్రేలాడుచున్నది. గుండ్రని గొట్టమునుండి జాలువారు నీటితెర క్రింద తల వాల్చి, కన్నులరమోడ్చి, సగము మోక్షము చేతికందినట్లు నవ్వుచున్న యువతి బొమ్మను మీరందరును ఫోనులలో చూచియే యుందురు గనుక నేను వర్ణింపను. మిగిలిన సగము మోక్షమునకు ఆరు సిట్టింగులు.

నాకు చుండ్రు కలదు. పదునెనిమిదవ యేట కాలేజీతో పాటు వచ్చినది. కాలేజీ పోయినది, ఆ పిమ్మట దొరకిన లెక్చరరు ఉద్యోగము పింఛనులోనికి దిగినది, జుట్టులో సగము దువ్వెనపాలైనది; అది మాత్రము పోలేదు. ధనుర్మాసపు చలిలో ప్రబలును, వానకాలమున కొంత సద్దుమణుగును, మనసు బాగుండని వారమున మరల తల యెత్తును, పోయినదని మురియబోవునంతలో కొత్త అల్లునివలె పండుగ చూచుకొని దిగును. మన ప్రాచీన వైద్యులకు ఇది తెలియనిది కాదు. దీనికి దారుణకమని పేరు. సుశ్రుతుడు దీనిని చేర్చిన జాబితా మాత్రము క్షుద్రరోగములది, అనగా చిల్లరరోగములది. పేరు దారుణము, తరగతి క్షుద్రము: ఇంతటి సమతూకము కల నిర్ణయము వైద్యశాస్త్రమున అరుదు. నేటి వర్తకులు ఆ వాక్యములో మొదటి మాట చదివి పుస్తకము మూసిరి.

నేను పోయినది క్షౌరమునకు. కూర్చుండబెట్టినది మాత్రము లోపలి గదిలో, పంటివైద్యుని కుర్చీవంటి యొక కుర్చీలో. నల్లని చొక్కా తొడిగిన యొక కుఱ్ఱవాడు, కలముకన్న కొంచెము లావైన పరికరమొకటి నా పాపటమీద మోపెను. ఎదుట గోడమీది తెరపై నా నెత్తి ప్రత్యక్షమయ్యెను. తెర మూలను "200" అను అంకె వెలుగుచుండెను. రెండువందల రెట్లట. తాటిమొద్దులవంటి వెండ్రుకలు, వాని మొదళ్లలో తడితడిగా మెఱయుచున్న బురద, ఆ బురదలో ఎండి పెచ్చులెత్తిన తెల్లని పలకలు. వరద తీసిన పిమ్మట కృష్ణలంక యెట్లుండునో అట్లుండెను. కుఱ్ఱవాడు గొంతు తగ్గించి, ఆసుపత్రి వరండాలో బంధువులకు చెప్పు ధోరణిలో, "సార్, చూశారా? మీ స్కాల్ప్ ఏడుస్తోంది సార్," అనెను.

అరువదియారేండ్లు నేను మోసిన తల ఏడ్చుచున్నదని ఎన్నడును నాతో చెప్పలేదు. రెండువందల రెట్లు పెంచినచో ఏడ్వనిదేమి కలదు? మా యింటి ఇడ్డెనను రెండువందల రెట్లు పెంచి చూపినచో ఇంటిల్లిపాదియు ఆ పూట పస్తుందుము. పెండ్లిచూపులలో వరునిచేతికి ఈ పరికరమిచ్చినచో లోకమున వివాహవ్యవస్థ యుండదు. కవులు చెక్కిలిని చంద్రబింబముతో పోల్చిరే గాని దగ్గరకు పోయి చూడలేదు. పోయి చూచిన వ్యోమగాములకు అక్కడ గుంటలును ధూళియును తప్ప మఱేమియు కనబడలేదు గదా!

కథ ఇంతటితో ముగియలేదు. ఆ పరికరమునకు బుద్ధి కూడ కలదట. చూచినదానిని చూచినట్లే లెక్కగట్టి తీర్పు చెప్పునట. నా నెత్తి వయస్సు డెబ్బదినాలుగు అని చెప్పెను. నా తల నాకన్న ఎనిమిదేండ్లు ముందు పుట్టినదన్నమాట. ఆ ఎనిమిదేండ్లును ఎక్కడ నుండెనో, ఎవని భుజములమీద నుండెనో తెలియలేదు. ఇంతలో కుఱ్ఱవాడు ఫోను రాగా, పరికరమును కుర్చీ చేతిమీద, అనగా రెక్సిను గుడ్డమీద, బోర్ల పెట్టి అవతలకు పోయెను. తెరపై బొమ్మ మారెను. యంత్రము కొంతసేపు ఆలోచించి, ఆ రెక్సినునకును తీర్పు చెప్పెను: జిడ్డు ఎక్కువ, సున్నితము, ఆరు సిట్టింగులు.

నేను నవ్వితిని. నవ్వినవాడు లేచి రావలెను, నేను రాలేదు. అంత ఖరీదైన కుర్చీనుండి లేచుటకు మనుష్యునకు సంకోచము కలుగును. ఆ సంకోచమే వారి పెట్టుబడి. నీటితెర వచ్చెను, ఆవిరి వచ్చెను, పుదీనా వాసన గల నురుగు వచ్చెను; వచ్చిన నురుగును నేను ముప్పది లెక్కించులోపల కడిగివేసిరి. తరువాత "ఇప్పుడు చూడండి సార్" అని మరల తెర చూపిరి. నిజముగనే సుందరదృశ్యము: పలుచని తోట, శుభ్రమైన నేల. మూలనున్న అంకె మాత్రము "50" అయియుండెను.

ఈ విద్య సెలూనువారు పుట్టించినది కాదు. షాంపూ సీసాలవారు ఎన్నడో సాధించినది. నూటికి నూరుపాళ్లు చుండ్రు మాయమని టీవీలో నటుడు నల్లకోటు దులుపుకొనుచు చెప్పును. నూరు అంకె ప్రక్క చీమ కాలంత నక్షత్రమొకటి యుండును. ఆ నక్షత్రమును వెంబడించి తెర అడుగునకు పోయినవానికి, అవి "కంటికి కనిపించే" పొలుసులనియు, చూడవలసినది రెండడుగుల దూరమునుండి యనియు, అదియు క్రమము తప్పక వాడినప్పుడే యనియు తెలియును. నేను మా ఆవిడ కుట్టుపని టేపు తెచ్చి రెండడుగులు కొలిచి ఆమెను నిలువబెట్టితిని. "ఏమీ కనబడటం లేదండీ," అన్నది. కళ్లద్దాలు పెట్టుకోలేదు. అమ్మునప్పుడు రెండువందల రెట్లు దగ్గరకు లాగుట, మాన్పినామని చెప్పునప్పుడు రెండడుగులు వెనుకకు నెట్టుట: ఈ రెంటి నడుమ ఊగుచున్నది మన నెత్తి.

చుండ్రునకు ఉల్లిరసము పూయుమను వారిని గూర్చి, వారింటి గాలిని గూర్చి నేనేమియు అనను. నిమ్మరసము పిండి ఎండలో కూర్చుండుమను వారికి, పులిహోరకును పుఱ్ఱెకును భేదము తెలియునుగాక యని మాత్రము ప్రార్థించెదను.

తల నొక్కించుకొనుటకు కొరియానుండి విద్య దిగుమతి కావలసి వచ్చుట మఱియొక వింత. షాంపూ అను మాటయే మన చంపీనుండి పోయినది. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మదు ఇంగ్లండు పోయి, బ్రైటను సముద్రతీరమున ఆవిరిస్నానశాల పెట్టి, తెల్లదొరలకు చంపీ చేసి, ఇద్దరు రాజులకు ఆస్థాన షాంపూకారుడయ్యెను. మాట అక్కడ నురుగెత్తి సీసాకెక్కి తిరిగివచ్చినది. గద్యపద్యములు కలిసినదానిని మనము చంపూ అందుము. ఈ షాంపూలో గద్యము రసీదు, పద్యము ప్రకటన.

పైని శీర్షికను పాఠకులు దారుణకము యొక్క ఉపాఖ్యానమని విడదీసియుందురు. సంధి తప్పు కాదు. ఇక్కడినుండి మాత్రము దారుణమైన కోపముయొక్క ఆఖ్యానమని చదువుకొనుడు.

మా వీధి చివర ఒక పిల్ల కలదు. బట్టలకొట్టులో పొద్దంత నిలుచుండి చీరలు విప్పి చూపు ఉద్యోగము. కొట్టువారిచ్చిన యూనిఫారము నల్లరంగు. భుజముమీద పొట్టు రాలుచున్నదని అజమాయిషీ చేయువాడు నలుగురిలో అనెను. ఆ పిల్ల జీతములోనుండి వాయిదాల పద్ధతిపై ఇట్టి ప్యాకేజీ యొకటి కొనెను. కెమెరా పెట్టిరి, మొండి చుండ్రనిరి, ఆవిరి పట్టిరి, నూనె పట్టించిరి, మొదటి ప్యాకేజీ చాలదని రెండవది అమ్మిరి. ఐదు నెలలు. పెచ్చులు దళసరి అయి, వెండిపొరలవలె నుదుటి అంచు దాటి చెవుల వెనుకకు దిగెను. చివరకు తల్లి చేయి పట్టుకొని ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయెను. అక్కడి చర్మవైద్యురాలు తల కొంచెము చూచి, "చేతులు మడువమ్మా" అని మోచేతులు చూచి, అది చుండ్రు కాదు, సోరియాసిస్ అని చెప్పెను. రెండు నిమిషములు పట్టినది. కెమెరా లేదు.

రెండువందల రెట్లు పెంచి చూచినవారికి మోచేయి కనబడలేదు. కనబడదు. చూచుటకు కాదు గదా అది యున్నది, చూపి భయపెట్టుటకు. ఆ పిల్ల ఐదు నెలలు తిన్న తిండిలో కోసిపెట్టిన డబ్బది. తిరిగి యిమ్మని అడుగబోయిన తల్లికి, "ఫలితాలు వ్యక్తిని బట్టి మారును" అని అచ్చువేసిన వాక్యమును వ్రేలితో చూపిరి. సిగ్గు లేదా? నెత్తిమీది పొట్టును చూచి సిగ్గుపడుమని ఊరంతటికిని నేర్పువారికి ఒక్కరికైనను సిగ్గు లేదా? చుండ్రు మురికివలన రాదు. ఎవరి అశుభ్రతయు కాదు. పెద్దవాండ్రలో సగముమందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చునది. ఈ మాట చెప్పినచో సిగ్గు పోవును; సిగ్గు పోయినచో బేరము పోవును; అందువలన చెప్పరు.

చెప్పవలసినది ఏపాటి? మలసేజియా అను ఈస్టు జాతి సూక్ష్మజీవి ప్రతివాని నెత్తిమీదను కాపురముండును, మీ సెలూను యజమాని నెత్తిమీదను, ప్రకటనలోని నటుని నెత్తిమీదను. 1874లో మలసే అను ఫ్రెంచివాడు చుండ్రు పొట్టులో దానిని గుర్తించినందున ఆయన పేరు దానికి వచ్చినది. మన చర్మమునుండి ఊరు జిడ్డు దాని తిండి. అది తిని వదలిన ఆమ్లము కొందరి చర్మమునకు సరిపడదు. సరిపడని చర్మము తొందరపడి పొరలు విడుచును. ఆ తొందరకే చుండ్రు అని పేరు.

నూనె సంగతియు ఇక్కడనే చెప్పవలె, చెప్పుటకు నాకు నోరు రాకున్నను. మా నాయనమ్మ శనివారము రాత్రి చిన్న గిన్నెడు నూనె నా మాడున ఇంకించి, ఆదివారము కుంకుడుకాయ రసముతో తలంటి పోసెడిది. కళ్లు మండి కేకలు పెట్టినచో ఉప్పుకల్లు నోట వేసెడిది. మంటకును ఉప్పునకును గల సంబంధమేమో నేటికిని నాకు తెలియదు గాని, ఏడ్పు మాత్రము ఆగెడిది. అయితే ప్రయోగశాలలో ఈ మలసేజియాను పెంచవలసినవారు గాజుపళ్లెములో దానిపై ఆలివు నూనె పోయుదురు. అనగా నాయనమ్మ రాత్రంతయు చేసినది దానికి అన్నప్రాశనము. ఆమె ప్రేమలో లోపము లేదు, లెక్కలో కలదు. ఆమె నా తల ఏడ్చుచున్నదని మాత్రము అనలేదు, ఆరు సిట్టింగులును చెప్పలేదు.

మందు కలదు. నూటికి రెండు పాళ్ల కెటోకొనజోల్ షాంపూ అని మందుల దుకాణములో దొరకును. నేను సెలూనులో చెల్లించినదానిలో పదవవంతు ఖరీదు లేదు. వారమునకు రెండుమార్లు, రెండు మొదలు నాలుగు వారములు; నురుగును జుట్టునకు గాక మాడునకు పట్టించి మూడు మొదలు ఐదు నిమిషములుంచి కడుగవలె. తగ్గిన పిమ్మట వారమునకో పక్షమునకో ఒకమారు. ఇంతే. దీనికి లొంగనిచో, ఎఱ్ఱబడినచో, జుట్టు ఊడినచో, పెచ్చులు దళసరియైనచో చర్మవైద్యుని యొద్దకు పోవలెను. మందు మానినచో మరల వచ్చును. ఇది పోదు, లొంగును. ఈ మూడక్షరముల మాటను అమ్మగల వర్తకుడు ఇంకను పుట్టలేదు.

మా తాతగారి తరమువారికి ఈ బాధ లేకపోవుటకు కారణము వారి ఆరోగ్యమని నేను చాలకాలము భ్రమపడితిని. వారి భుజముమీద తెల్లని కండువా యుండెడిది. అంతకుమించిన రహస్యమేమియు లేదు.

నిన్న సాయంకాలము, ఈసారి నిజముగ క్షౌరమునకే, మరల ఆ దుకాణమునకు పోయితిని. లోపలి గదికి తాళము. కుఱ్ఱవాడు వేఱొక శాఖకు పోయినాడట. యజమాని కత్తెర ఆడించుచు, ఆ యంత్రమునకు తెచ్చిన అప్పునకు నెలనెల ఎంత కట్టుచున్నాడో చెప్పెను. చెప్పుచు నడుమ నడుమ ఎడమచేతితో తల గోకికొనుచుండెను. అద్దములో నన్ను చూచి ఆగెను. "నాకూ ఉంది మాస్టారూ," అనెను. మందు పేరు చెప్పితిని. రంగురంగుల ప్యాకేజీ కాగితమొకటి తిరగవేసి, వెనుకనున్న తెల్లని చోట వ్రాసికొనెను: వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు. వ్రాసికొని, అలవాటు తప్పని మనిషి గనుక, "మరి దీనికెన్ని సిట్టింగులు మాస్టారూ?" అని అడిగెను.

"కూర్చోనక్కరలేదయ్యా," అంటిని, "నిలబడి పోసుకోవడమే."