“కోడింగ్ రాకపోయినా పర్లేదు”: టీకా తాత్పర్య సహితం

మూలం: “కోడింగ్ రాకపోయినా పర్లేదు, డాక్యుమెంటేషన్ రాయండి!”

అవతారిక: సరదాకి సర్క్యూట్లు విప్పి, సాఫ్ట్‌వేర్ కెలికే ప్రాజెక్టుల రీడ్‌మీ ఫైళ్లలో, చివరాఖర్న, లైసెన్సుకు కాస్త పైన ఈ వాక్యం కొలువై ఉంటుంది. కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమని ఒక పక్షం.

టీక: ‘రాకపోయినా’ అన్నచోట జాలి, ‘పర్లేదు’ అన్నచోట క్షమాభిక్ష, ఆశ్చర్యార్థకంలో బలవంతపు ఉత్సాహం. పెళ్లిలో చివరి బంతికి పిలిచి, కూర అయిపోయిందని చెప్పే ఆదరం ఇది. తక్కిన పదాలు సుగమాలు.

విశేషం: టీక రాసేవాడు మూలం రాసినవాడికంటే ఒక మెట్టు కిందనే నమ్మకం తెలుగువాళ్ల దగ్గర చెల్లదు. ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి సొంతూరంటారు. కాళిదాసు కావ్యాలు మూడింటికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కవి వాక్కు మూర్ఛపోయింది, దాన్ని లేపడానికే ఈ పని అని మొదట్లోనే చెప్పుకున్నాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మాటిచ్చాడు కూడా. ఈ మాట పాటించే మాన్యువల్ ఒక్కటి చేతికొస్తే కళ్లకద్దుకోవచ్చు.

ఆస్ట్రేలియాకూ ఒక సూరి ఉన్నాడు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జాన్ లయన్స్. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆరో ఎడిషన్ కెర్నెల్ (గుండెకాయ) కోడు, సుమారు 9,000 వరుసలు, ఒక పుస్తకంగా అచ్చువేసి, వరుసలకు అంకెలు వేసి, విద్యార్థుల కోసం 1976లో పక్కన ఇంకో పుస్తకంగా వ్యాఖ్య రాశాడు. 2238వ వరుసలో మూలకర్తలు పెట్టిన కామెంటు జగత్ప్రసిద్ధం: చదివేవాడికి ఇది అర్థమవుతుందని తాము ఆశించడం లేదట! పరీక్షలో రాదులే అన్న ధోరణిలో పెట్టిన మాట అదనీ, అసలు అక్కడేం జరుగుతోందో అప్పట్లో తమకూ సరిగ్గా అర్థం కాలేదనీ ఆ మూలకర్తల్లో ఒకడైన డెనిస్ రిచీ తర్వాత ఒప్పుకున్నాడు. కవే చేతులెత్తేసిన శ్లోకం దగ్గర కూర్చునేవాడే వ్యాఖ్యాత.

1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్ లైసెన్సు కోడును తరగతిలో బోధించకూడదంది. దాంతో లయన్స్ పుస్తకం జిరాక్సుల మీద జిరాక్సులై చేతులు మారింది. అక్షరాలు అలికిపోయిన ప్రతులు చదివే ఒక తరం కెర్నెల్ నేర్చుకుంది. బాహాటంగా అచ్చయ్యేసరికి 1996. రెండేళ్లకు ఆయన పోయాడు.

ఇంతకీ మూలవాక్యం ఎక్కడో ఆగింది.

పూర్వపక్షం: లయన్స్‌కు కోడు వచ్చు కదా, రానివాడి సంగతేమిటి?

సమాధానం: అడిలైడ్‌కు పోవాలి. ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ పాల్ గార్డ్‌నర్-స్టీఫెన్ మొదలుపెట్టిన మెగా65 అనే కంప్యూటర్ ఉంది. కొమడోర్ కంపెనీ నమూనాల దశలోనే వదిలేసిన కొమడోర్ 65కు ఎఫ్‌పీజీఏ అనే, లోపలి సర్క్యూటును మళ్లీ మళ్లీ మార్చుకోగల చిప్పు మీద పునర్జన్మ. దాని యూజర్ గైడు ఔత్సాహికుల చేతుల మీదుగా పెరిగింది. అందులో ఎస్‌డీ కార్డు సంగతే చూడండి. దాన్ని పీసీలో కాదు, మెగా65లోనే ఉన్న ఎఫ్‌డిస్క్‌తో ఫార్మాట్ చేసుకోవాలి. మిషను కట్టినవాడికి అది చెప్పాల్సిన విషయమనే తోచదు, చేతికి అలవాటైపోయింది గనక. పీసీలో ఫార్మాట్ చేసి, తెర ముందు తెల్లమొహం వేసినవాడే దాన్ని సరిగ్గా రాయగలడు. వాడికి కోడు రాకపోవడం ఇక్కడ అర్హత.

అలాంటివాడు నిజంగానే రాయబోతే ఏమవుతుంది? ఒక అక్షరదోషం దిద్దాలి. గిట్‌హబ్ ఖాతా తెరవాలి, ఫోర్క్ చేయాలి, బ్రాంచి కట్టాలి. గైడు లాటెక్ అనే అక్షరకూర్పు భాష‌లో ఉంటే ఒక బ్రాకెట్టు జారగానే పుస్తకం మొత్తం కంపైల్ కానంటుంది. కోడు అక్కర్లేదన్న గుమ్మంలోనే ఇన్ని తాళాలు! ఇంతా చేసి పంపితే మూడు నెలలు ఉలుకూ పలుకూ ఉండదు. ఆలోగా కోడు మారిపోతుంది, రాసింది తప్పయిపోతుంది, ‘ఈ డాక్యుమెంటేషన్ ఎవడు రాశాడ్రా’ అన్న తిట్టు మాత్రం సకాలంలో అందుతుంది.

తాత్పర్యం: మాకు విసుగు పుట్టించే పని మీరు చేయండి, మా పద్ధతిలోనే చేయండి, మమ్మల్ని మాత్రం ప్రశ్నలు అడగకండి అని భావము.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో చివర “చిన్న మార్పే కదా, మీరే ఒక పుల్ రిక్వెస్ట్ పెట్టేయండి” అని అదనంగా కనిపిస్తుంది. ప్రక్షిప్తమేమో అనుకోనక్కర్లేదు. శైలి కర్తదే.