స్టాకు దొరక్కపోతే ఆర్డర్‌ను ఆగనివ్వండి

మాత్రల ఫ్యాక్టరీలో ఏ ఆర్డర్‌కు ఏ బ్యాచ్ ముడిసరుకు తీయాలో ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ చేతే తేల్పించబోతున్నారా? ఇంప్లిమెంటేషన్ టీమ్ ‘ఎర్రర్లు రాకుండా సెట్ చేస్తాం’ అంటే ఒప్పుకోకండి. ఎర్రర్ రావాలి. ఏ కాస్త తేడా ఉన్నా రావాలి.

బ్యాక్‌ఫ్లష్ పెట్టిన సరుకు, పని పూర్తయిందని కన్ఫర్మ్ చేయగానే 261 మూవ్‌మెంట్‌తో దానంతటదే స్టాకులోంచి తగ్గిపోతుంది. సరిపడా నిల్వ దొరకకపోతే ఆ లైను పోస్ట్ కాకుండా ఆగిపోయినవాటి కోగీ జాబితాలో పడుతుంది. నెలాఖరులో పుస్తకాలు మూసేవాళ్లు తొందరపెడతారు. దాంతో నిల్వ కనిపించిన ఏదో బ్యాచ్ నంబరు కొట్టి పోస్ట్ చేసేస్తారు. కంప్యూటర్లో లాక్టోజ్ ఒక బ్యాచ్‌ది, మాత్రలోకి వెళ్లింది మరో బ్యాచ్‌ది. రేపు ఆ లాక్టోజ్‌లో లోపం బయటపడితే దుకాణాల నుంచి ఏ మాత్రలు వెనక్కి తెప్పిస్తారు? అవి మింగినవాళ్ల సంగతేమిటి? అందుకే మాత్రలో కలిసే ఏ సరుకుకూ బ్యాక్‌ఫ్లష్ పెట్టకండి. తూకం గదిలో లేబుల్ స్కాన్ చేశాకే ఇష్యూ జరగాలి. ఆలస్యమవుతుందంటారు. కానివ్వండి.

బ్యాచ్ వెతికే వరుసలో ‘ముందొచ్చింది ముందు’ అన్నది పెట్టకండి. నిన్న దిగిన డ్రమ్ముకే గడువు ముందు తీరవచ్చు. గడువు తేదీని బట్టే వరుస కట్టించండి. క్వాలిటీ వాళ్లు రిలీజ్ చేయని బ్యాచ్ అసలు జాబితాలోకే రాకూడదు. ఇక ఎవరూ ఒప్పుకోని మాట: స్ప్లిట్ల సంఖ్య 1 పెట్టండి. ఒక బ్యాచ్ చాలకపోతే సిస్టమ్ రెండోది, మూడోది చప్పుడు లేకుండా కలపకూడదు. మిగిలిన పరిమాణం ఖాళీగా కనిపించాలి. స్టోర్స్‌లో మనిషి లేచి వెళ్లి ర్యాక్ చూడాలి. విప్పిన సంచీ ఏది, తేమ తగిలింది ఏది అన్నది ఆ మనిషికే తెలుస్తుంది. సిస్టమ్‌కు తెలిసేది కిలోలు, తేదీలే.

అదే కారణంతో, ఒక గోదాములో లేకపోతే ఇంకో గోదాములో వెతకమనే వరుస కూడా తీసేయండి.

కన్సైన్‌మెంట్ విషయంలో నాది మొండి వాదనే. సీసాలు, అట్టపెట్టెలు సరఫరాదారు సొత్తుగానే మన ర్యాక్‌లో ఉంటాయి. మనం వాడిననాడే డబ్బు బాకీ పడుతుంది. కాబట్టి సొంత స్టాకే ముందు వాడాలని ఫైనాన్స్ వాళ్లు అంటారు. లెక్కగా చూస్తే అది సరైనదే. నేను మాత్రం ఏ స్టాకు ముందు తీయాలో తేల్చే స్టాక్ డిటర్మినేషన్‌లో సరఫరాదారు సరుకునే ముందు పెట్టమంటాను. అతను కాగితం కొని, ముద్రించి, లారీ కిరాయి కట్టి, నెలల తరబడి మన ర్యాక్ వైపు చూస్తూ కూర్చోవాలా? ఓఎస్‌పీఎక్స్ స్క్రీన్‌లో ఈ క్రమం పెట్టేది ఒక్కసారే, ఆ తర్వాత దాన్ని తెరిచి చూసేవాళ్లుండరు. అందుకే సేవ్ నొక్కేముందు కొనుగోళ్ల మేనేజర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి.