దండెం లేని నందనం

నగరాలలోని చిన్న పెరళ్లకు ల్యాండ్‌స్కేపు డిజైనర్లు కంప్యూటరు మీద గీసి ఇచ్చే త్రీడీ బొమ్మలన్నింటిలోనూ సాయంత్రం అయిదున్నర గంటల ఎండే కాస్తుంది. ఆ ఎండలో ఒక సన్నపాటి స్త్రీ ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, కాఫీ కప్పు పట్టుకుని చిరునవ్వు నవ్వుతూ ఉంటుంది. ఆమె పాదాల చెంత, ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ పెంచని బంగారు రంగు కుక్క ఒకటి పడుకుని ఉంటుంది. గోడ నిండా ఆకులు, నేల నిండా తెల్ల గులకరాళ్లు, ఒక మూల బుద్ధుడి శిరస్సు మీదుగా జారే నీరు అమరి ఉంటాయి. బొమ్మను ఎటు తిప్పి చూసినా, వేళ్లతో సాగదీసి ఎంత పెద్దది చేసి చూసినా, బట్టలారవేసే దండెం మాత్రం ఎక్కడా కనిపించదు. కొత్తగా ఇల్లు కట్టుకున్నవారిని వారాల తరబడి వేధించే ఈ లోపాన్ని గురించి ఉద్యానశాస్త్రం మౌనం వహించింది గనుక, ఇక్కడ కొంత విచారణ చేయవలసి వస్తున్నది.

పెరడు అన్న మాటను ఏ అర్థంలో వాడుతున్నదీ ముందుగా తేల్చుకోవాలి. తాతల నాటి పెరట్లో నుయ్యి, నూతి గట్టు, అరటి పిలకలు, గేదె, ఆ గేదెను కట్టివేసిన వేపచెట్టు ఉండేవి; నగరంలో పెరడు అనగా సెట్‌బ్యాక్, అంటే గాలీ వెలుతురూ ఆడడానికని ఇంటి గోడకూ ప్రహరీకీ నడుమ చట్టం బలవంతాన వదిలించిన జాగా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఏప్రిల్‌లో వెలువడి, జీవో 168 అన్న పేరుతో మేస్త్రీల నోట సైతం నానిన భవన నిర్మాణ నియమాల ప్రకారం, 150 గజాల స్థలంలో ఇల్లు కట్టుకునేవారు వెనుక వైపు వదలవలసినది ఒక మీటరు. ఆ ఒక్క మీటరులోనే బోరు మోటారు, సంపు మూత, డ్రైనేజీ చాంబర్లు, ఏసీల వేడి వీపులు, గ్యాసు బండ, అంట్లు తోమే చప్టా ఒకదానితో ఒకటి భుజాలు రాసుకుంటూ కాపురం చేస్తాయి. గృహస్థు ధర్మబుద్ధి చేతనో, శ్లాబుకు డబ్బు చాలకనో మరో మూడడుగులు అదనంగా వదిలాడంటే, ఆ ఆరడుగుల వెడల్పు డిజైనరు కంటికి ఉద్యానవనంగా గోచరిస్తుంది.

ఈ దివ్యదృష్టికి చరిత్ర ఉంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో లాన్సెలాట్ బ్రౌన్ (1716–1783) అనే తోటల రూపశిల్పి, ఏ ప్రభువుల ఎస్టేటుకు వెళ్లినా ఈ స్థలానికి గొప్ప ‘కేపబిలిటీలు’ ఉన్నాయని, అంటే మెరుగుపడే అవకాశాలు ఉన్నాయని చెప్పేవాడట; ఆ మాటే ఇంటిపేరుకు ముందు అంటుకుని అతడు కేపబిలిటీ బ్రౌన్ అయ్యాడు. అతడి ముందు వందల ఎకరాల పచ్చిక, వాగులు, జింకలు ఉండేవి. అతడి వారసుడైన మన డిజైనరు చాంబరు మూత మీద నిలబడి, పక్కింటి బాత్‌రూము గొట్టం వైపు తన్మయంగా చూస్తూ, “స్కోపు చాలా ఉంది సార్” అంటాడు. స్కోపు నిజంగానే ఉంటుంది, అయితే అది స్థలంలో కన్నా కొటేషన్‌లో ఎక్కువగా ఉంటుంది.

తమ పక్షాన సాక్ష్యం కావలసివచ్చినప్పుడు ఈ డిజైనర్లు జపానును పిలుస్తారు, అందులో కొంత న్యాయం కూడా ఉంది. క్యోటో నగరంలోని పాత వర్తకుల ఇళ్లు వీధి వైపు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉండేవి. ఆ పొడవు నడుమ గాలికోసం వదిలిన చిన్న ఖాళీలో ఒక రాతి దీపం, ఒక నీళ్ల తొట్టి, కాస్త నాచు పెట్టి దాన్ని త్సుబొనివా అనేవారు. త్సుబొ అన్న మాటకు స్థలం కొలత అనే అర్థం కూడా ఉంది, అది సుమారు 3.3 చదరపు మీటర్లు, అంటే నాలుగు గజాలకు వెంట్రుకవాసి తక్కువ. ఇంత చిన్న చోటులో అంత ప్రశాంతతను కూర్చిన జాతికి నమస్కరించవలసిందే. అయితే అలాంటి పట్టణపు ఇళ్ల కప్పుల మీద మోనోహోషి అనే కర్ర మంచె ఒకటి ఉండేదనీ, దాన్ని కట్టినది బట్టలు ఆరవేసుకోవడానికేననీ డిజైనర్లు చెప్పరు. మనవారు జపాను నుంచి రాతి దీపాన్ని దిగుమతి చేసుకుని, మంచెను రేవులోనే వదిలి వచ్చారు.

ఎండ సంగతి మరొకటి. మూడంతస్తుల గోడల నడుమ ఉన్న సందులో ఎండ నేలదాకా నిటారుగా దిగాలంటే సూర్యుడు సరిగ్గా నడినెత్తికి రావాలి. హైదరాబాదు ఉన్న అక్షాంశంలో అది ఏడాదికి రెండే రోజులు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరొకసారి జరుగుతుంది, వాటిని నీడ లేని రోజులంటారు. తక్కిన రోజులలో ఆ సందులో నాటిన గులాబీ, మల్లె, తులసి ఖైదీల మాదిరి మెడలు చాచి పైకి చూస్తూ సన్నబడతాయి. అప్పుడు డిజైనరు ప్లాస్టిక్ పచ్చికను సూచిస్తాడు. ఈ వస్తువు ప్రపంచానికి తెలిసిన కథ కూడా ఎండతో ముడిపడినదే: అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో పైకప్పు వేసి కట్టిన ఆస్ట్రోడోమ్ స్టేడియంలో, ఆటగాళ్ల కళ్లలో వెలుగు కొడుతున్నదని కప్పులోని పారదర్శక పలకలకు రంగు పూయగా లోపలి గడ్డి చచ్చిపోయింది, 1966లో దాని స్థానంలో కృత్రిమమైన గడ్డి పరిచారు. మన పెరట్లోనూ అది ఎండ లేని చోట బాగానే ఉంటుంది. ఎండ పడే ఆ కాస్త చోట మాత్రం మే నెలలో దాని మీద అడుగు పెట్టినవారికి నిప్పుల గుండం తొక్కిన పుణ్యం ఉచితంగా లభిస్తుంది.

దండెం గురించి రెండు ముక్కలు చెప్పుకుని అసలు విషయంలోకి వెళ్లడం ఉచితం. దండేలలో ఇనుప తీగ, నైలాన్ తాడు, ప్లాస్టిక్ తొడుగు వేసిన తీగ అని మూడు ప్రధానమైన జాతులున్నాయి. ఇనుప తీగ దృఢమైనది, దీర్ఘాయువు గలది, అయితే ప్రతి తెల్ల చొక్కా వీపున తుప్పుతో ఒక అడ్డగీత గీసి అది తన ఆస్తి అని ముద్ర వేస్తుంది. నైలాన్ తాడు మరక చేయదు, కాని ఎండకు పెళుసెక్కి, సరిగ్గా పెళ్లివారి దుప్పట్లు ఆరవేసిన రోజునే తెగుతుంది. ప్లాస్టిక్ తొడుగు తీగ ఈ రెండు జాతుల సంకరం గనుక రెండింటి దుర్గుణాలూ పుణికిపుచ్చుకుని, తొడుగు చిట్లిన చోట మరక చేస్తుంది, మరక చేయని చోట తెగుతుంది.

మూడింటికీ సమానమైన లక్షణం నడుమ కుంగడం. రెండు కొనల మధ్య వేలాడే గొలుసు ఏ వంపు తిరుగుతుందో చెప్పండని 1690లో యాకోబ్ బెర్నూలీ అనే గణితజ్ఞుడు సవాలు విసిరితే, మరుసటి ఏడాది లైబ్నిట్జ్, హైగెన్స్, యాకోబ్ తమ్ముడు యోహాన్ ముగ్గురూ జవాబు చెప్పారు, ఆ వంపునే కేటినరీ అంటారు. దీని పర్యవసానం ఏమనగా, బరువున్న తాడును ఏ మాత్రం వంగకుండా తిన్నగా కట్టాలంటే అనంతమైన బిగువు కావాలి. కొత్త గోడకు కొట్టిన మేకు అనంతాన్ని భరించలేదు, రెండు జీన్సు ప్యాంట్లకే ప్లాస్టరింగుతో సహా ఊడి వస్తుంది. ముగ్గురు మేధావులు తేల్చిన ఈ చిక్కుకు మన ఇళ్లలో దండెం నడుమ ఒక పంగల కర్ర ఆనించి ఎప్పుడో పరిష్కారం చెప్పారు, వారి పేర్లు మాత్రం ఏ గ్రంథంలోకీ ఎక్కలేదు.

దండేనికి సామాజిక శాస్త్రం కూడా ఉంది. పంచెలు, చొక్కాలు వీధివారికి కనిపించే వైపు ఆరతాయి. లోదుస్తులు తువ్వాలు చాటున, ఎండ తగలకుండా, సిగ్గుతో ఆరతాయి. మడి బట్టలకు మరొక దండెం ఉండేది, అది ఎవరి చేయీ అందనంత ఎత్తున కప్పుకు దగ్గరగా ఉండేది, దాని మీదికి బట్టను పొడుగాటి కర్రతో ఎత్తి పరిచేవారు. ఆ విద్య తెలిసినవారు ఇప్పుడు అరుదు. ఇక మబ్బు పట్టినప్పుడు “వానొస్తోంది, బట్టలు!” అన్న కేక వినబడితే, పరీక్షకు చదువుతున్నవాడు, పూజలో ఉన్నవాడు, నాలుగు రోజులుగా మాటలు లేని ఆలుమగలు, అందరూ ఒక్క ఉదుటున పెరట్లోకి పరుగెత్తేవారు. ఏ ల్యాండ్‌స్కేపు కూడా ఇంటిల్లపాదినీ ఇంత వేగంగా తోటలోకి రప్పించలేదు. మేడ మీద ఆరవేసుకోవచ్చు కదా అనేవారు, పై రెండు వాటాలూ అద్దెకిచ్చిన ఇంట్లో తడి బకెట్టుతో మూడంతస్తులు ఎక్కినవారు కారని గ్రహించాలి. రెండు ముక్కలు అనుకున్నవి నాలుగయ్యాయి, క్లిప్పుల ప్రస్తావన ఇంకా రానే లేదు. దాన్ని వదిలివేయక తప్పదు.

తోట పూర్తయిన తరువాత జరిగేది అన్ని ఇళ్లలోనూ ఒకటే. పెర్గోలా అనే వస్తువు, అంటే పైకప్పు లేకుండా దూలాలు మాత్రమే ఉన్న ఖరీదైన పందిరి, తీగ పాకడానికని వేస్తారు; మామూలు పందిరి మీద బీర, కాకర పాకుతాయి, దీని మీద మూడో వారానికి నైలాన్ తాడు పాకుతుంది. నిలువు తోట అనబడే గోడ చట్రంలో చిన్న కుండీలు ఒక్కొక్కటే ఎండి రాలగా, మిగిలిన కొక్కేలు పిల్లల మేజోళ్లకు సరిగ్గా సరిపోతాయి. బుద్ధుడి శిరస్సుకు నీరెక్కించే చిన్న పంపు కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోతుంది. నిలిచిన మంచి నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది గనుక వారానికొకసారి తొట్లు ఖాళీ చేయమని ఆరోగ్యశాఖ వారు మొత్తుకుంటారు, కాబట్టి నిర్వాణం పొందినవాడి ముందు తొట్టిని ఆదివారం ఆదివారం బోర్లించడం ఇంటి యజమానికి కొత్త వ్రతమవుతుంది. తెల్ల గులకరాళ్లు ఒక్క వర్షాకాలానికి పాకుడు పట్టి పచ్చబడతాయి. తరతరాలుగా బియ్యంలో రాళ్లు ఏరి పారవేసిన జాతి, కిలోల లెక్కన రాళ్లు కొని, వాటిని బ్రష్షుతో తోముతూ కూర్చోవడం చూసేవారికి వినోదమే.

మట్టి విషయంలో మాత్రం వినోదం తక్కువ. పునాది తవ్వినప్పుడు ఆ స్థలంలోని మట్టిని ట్రాక్టరుకు ఇంత అని ఇచ్చి మరీ బయటికి తోలిస్తారు. ఇల్లు పూర్తయి, పెరడంతా టైల్సు పరిచి, వాన చుక్క ఇంకే సందు లేకుండా చేసిన తరువాత, మొక్కల కోసం సంచుల్లో మట్టిని, దానిలో కలపడానికి కొబ్బరి పొట్టు దిమ్మను ఫోనులో తెప్పించుకుంటారు. కోనసీమలో పుట్టి పెరిగి, కొబ్బరి డొక్కలు నీళ్ల పొయ్యిలోకి తోసి కాగిన నీళ్లు పోసుకున్న మనిషి, అదే కొబ్బరి పొట్టును నగరంలో రంగుల కవరులో అందుకుని, బకెట్లో నానబెట్టి, అది ఉబ్బుతుంటే ఆశ్చర్యపడడం కాలమహిమ. ఆరడుగుల పెరట్లో రెండడుగులు మట్టిగా వదిలితే ఒక కరివేపాకు మొక్క, ఒక చిక్కుడు పాదు బతుకుతాయి, బియ్యం కడిగిన నీళ్లు పారబోయడానికి చోటు ఉంటుంది. డిజైనరుకు మాత్రం అందులో గీయడానికి ఏమీ ఉండదు.

బొమ్మ చూపించే రోజున ఇంటిల్లపాదీ ల్యాప్‌టాప్ చుట్టూ చేరతారు. కొడుకు తల ఊపుతాడు, కోడలు కుర్చీల రంగు అడుగుతుంది. ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, “బట్టలెక్కడ ఆరేసుకోవాలి నాయనా?” అని అడుగుతుంది.

“అది యుటిలిటీలోకి వస్తుందమ్మా.”

“అదెక్కడుంది?”

“ఇదివరకు ఇక్కడే ఉండేదమ్మా,” అని డిజైనరు వేలితో బుద్ధుణ్ణి చూపిస్తాడు.

అందరూ నవ్వుతారు, ఆవిడ కూడా నవ్వుతుంది. ఆవిడ కాపురానికి వచ్చిన ఇంట్లో పన్నెండుమంది ఉండేవారు, గదులు మూడు. తలుపు వేసుకుని కూర్చునే గది ఆ ఇంట్లో ఏ ఆడదానికీ లేదు. పెరట్లో పొడవునా పరిచిన నాలుగు తడి చీరల వెనుక మాత్రం, క్లిప్పులు పెట్టే నెపంతో, కొద్ది నిమిషాలు నిలబడే వీలుండేది. అక్కడ ముఖం మీది తడి చీరదో కంటిదో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు. పక్కింటి ఇల్లాలు అదే వేళకు తన దండెం దగ్గరికి వచ్చి, గోడ అవతల నుంచి ఏమీ అడగకుండా గుప్పెడు కరివేపాకు అందించేది. ఇది ఏ ప్లానులోనూ గుర్తించిన స్థలం కాదు, దీనికి చదరపు అడుగుల లెక్క లేదు. ఆవిడను అడిగినా అలాంటిదేమీ లేదనే అంటుంది.

వారం తరువాత సవరించిన బొమ్మ వస్తుంది. పెద్దావిడ మాటను మన్నించి, యుటిలిటీ కనబడకుండా ఒక వెదురు తడిక అడ్డం పెట్టి, దానికి ప్రైవసీ స్క్రీన్ అని పేరు రాసి, అడుగుకు ఇంత అని ధర వేసి ఉంటుంది. తడిక వెనుక ఏముందో బొమ్మలో కనిపించదు. ఎండ మళ్లీ అయిదున్నర గంటలదే. కుక్క కూడా అలాగే పడుకుని ఉంది.