బిందోపాఖ్యానము

మహాకావ్యం అన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండి తీరాలని లాక్షణికులు శాసించారు. నగరం, సముద్రం, పర్వతం, చంద్రోదయం, ఉద్యానం, జలక్రీడ, మంత్రాలోచన, దూతకార్యం, దండయాత్ర, యుద్ధం... ఆ పట్టీ ఇలా సాగుతుంది. అమ్మానాన్నలను వాళ్లకు తెలియకుండా రామోజీ ఫిల్మ్‌సిటీకి తీసుకెళ్లాలన్న మా సంకల్పంలో ఇవి చాలావరకు కుదిరాయి. చంద్రోదయం మాత్రం కుదరలేదు. ఆ వేళకి నాన్న నిద్రపోతారు.

కథానాయకుడు మా నాన్నగారు. రైల్వేలో బుకింగు క్లర్కుగా రిటైరైనవారు, చిల్లర తేనివాణ్ణి ఒక్క చూపుతో క్యూ చివరికి పంపగల ప్రతాపశాలి. నాయిక మా అమ్మ. ఇంటికి ఎవరొచ్చినా రాకముందే వాళ్లు తిని వచ్చారో లేదో గ్రహించే దివ్యజ్ఞాన సంపన్నురాలు. విజయవాడ నుంచి మా ఇంటికి వచ్చే ప్రతిసారీ అబ్దుల్లాపూర్‌మెట్టు దగ్గర పడగానే నాన్న "అదిగో ఫిల్మ్‌సిటీ" అంటారు, అమ్మ "ఆఁ" అంటుంది. 1996లో వెలసిన ఆ మాయానగరితో వాళ్లకు ఉన్న పరిచయం అంతే. నలభయ్యో పెళ్లిరోజుకి ఆ "ఆఁ"ని కాస్త పొడిగించాలని మేము కంకణం కట్టుకున్నాం.

అంతట మంత్రాలోచన. సభాస్థలి వాట్సాప్. డాలస్ నుంచి అన్నయ్య, వైజాగ్ నుంచి అక్క, వంటింట్లోంచి మా ఆవిడ కొలువుదీరారు. అన్నయ్య మనం నిద్రపోయే వేళ వ్యూహాలు రచించి, మనం లేచే వేళకి తానే వాటిని ఖండించి పడుకునేవాడు. బావగారు ఆద్యంతం ఒక్క మాటా పలకక, బొటనవేలు మాత్రమే పైకెత్తి చూపుతూ వచ్చారు. ఏకలవ్యుడు పోగొట్టుకున్నది ఈయనకే దొరికిందా అన్న సందేహం సభలో కలిగింది.

ఇక్కడొక ధర్మసూక్ష్మం ఉంది. శత్రుదుర్గం మీద మెరుపుదాడి చేయవచ్చు గానీ, తెలుగు తల్లిదండ్రుల మీద ముందుగా చెప్పకుండా చేయలేం. వాళ్లు గడప దాటాలంటే పాలవాడికి చెప్పాలి, మొక్కలకు నీళ్లు పోసే పని పక్కింటివాళ్లకు అప్పగించాలి, బీపీ బిళ్లలు లెక్కపెట్టాలి, పెరుగు తోడేసి ఎవరికో ఇచ్చిరావాలి. ఆశ్చర్యపోవడానికి కూడా వాళ్లకు రెండు రోజుల వ్యవధి కావాలి. కాబట్టి ఒక అబద్ధం అవసరపడింది. "మా మేనేజరుగారి గృహప్రవేశం, మిమ్మల్ని ప్రత్యేకంగా పిలిచారు" అని నేను ఫోన్లో పలికితిని.

పలికిన మరుక్షణమే ఆ అబద్ధం నా చేయి దాటిపోయింది. గృహప్రవేశమన్న మాట చెవిన పడ్డాక మా అమ్మ ఊరుకుంటుందా? వట్టి చేతులతో వెళ్లడమా? ఆవిడ బీసెంట్ రోడ్డు మీద దండెత్తింది. స్టీలు సామాన్ల కొట్టువాడు మొదటి ధరకే నిలబడి కాసేపు పోరాడి, పిదప లొంగిపోయెను. అట్లు జయించి తెచ్చిన బిందె ఎట్టిదనిన,

నిష్కళంక స్టెయిన్‌లెస్ స్టీలు నిర్మితంబై, లంబోదరు బొజ్జను ధిక్కరించు మధ్యభాగంబు కలదియై, తనను చూడవచ్చినవారి ముఖంబులను రెండింతలు వెడల్పు చేసి చూపు విచిత్ర దర్పణంబై, రంగుకాగితాల పట్టుబట్టలు చుట్టుకొని, బంగారురంగు రిబ్బను మొలనూలు దాల్చి, అడుగున ముద్రించిన ధర గోటితో గీకివేయబడి, వెలకు అందని వస్తువై వెలుగొందుచుండెను.

లేని మేనేజరుకి లేని ఇంటికోసం ఉన్న బిందె. దాన్ని చూస్తే నా గుండెలో రాయి పడింది.

దండయాత్ర తెల్లవారుజామున మొదలైంది. నేనే బెజవాడ వెళ్లి కారులో ఎక్కించుకున్నాను. వెనక సీటు మధ్యన, సీటుబెల్టు కట్టుకుని, బిందె. దానికి ఇరువైపులా మా ఆవిడా, మా ఆరేళ్ల పాపా అంగరక్షకులు. అమ్మ సంచిలో ఆయుధాగారం ఉంది. ఏడు అరల బిళ్లల పెట్టె సప్తప్రాకార దుర్గంలా నిలిచింది; ఆదివారపు అరలోకి సోమవారపు బిళ్ల చొరబడితే నాన్న యుద్ధం ప్రకటిస్తారు. మోకాలి పట్టీలు కవచాలు. పులిహోర డబ్బా అక్షయపాత్ర, కాకపోతే సూర్యాపేట దాటేసరికి క్షయమైపోయింది.

జాతీయ రహదారి 65 మీంచి కారు పక్కకు తిప్పాను. ముందే నేర్పించిన ప్రకారం అందరం ఒక్క పెట్టున "సర్‌ప్రైజ్!" అని సింహనాదం చేశాం. నాన్న నింపాదిగా వెనక్కి చూసి "ముందు ఇండికేటరు వెయ్యరా" అన్నారు. అమ్మ సంచిలోంచి కాన్వాసు బూట్లు తీసి తొడుక్కోసాగింది. గృహప్రవేశానికి కాన్వాసు బూట్లెవరు తెచ్చుకుంటారు? పాప కిటికీలోంచి బయటి బండరాళ్లను అతిశ్రద్ధగా చూడసాగింది. వీడియోకాల్ అనే దూతకార్యం ఏనాడో పూర్తయినట్టుంది.

ఇక నగర వర్ణన. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో ప్రాంగణమని గిన్నిస్‌వాళ్లు రాసుకున్నది, 1,666 ఎకరాలు. ఈనాడు పేపరు చంకలో పెట్టుకునే దిగిన నాన్న ఆ అంకె వినగానే "పట్టా భూమేనా?" అన్నారు. మాహిష్మతి ద్వారం ముందు జనం నోళ్లు తెరిచి నిలబడ్డారు. సాబు సిరిల్ కళాదర్శకత్వంలో 'బాహుబలి' కోసం లేచిన సామ్రాజ్యం అది. అమ్మ ఒక స్తంభం దగ్గరకు వెళ్లి, కొత్త కుండ కొనేటప్పుడు చేసినట్టు, వేలితో తట్టి చూసింది. "డొల్ల" అని ప్రకటించింది. కాలకేయుల సైన్యం చేయలేని పని అది.

ఉద్యానాలు చూశాం, బావున్నాయి. యుద్ధం వైల్డ్ వెస్ట్ స్టంట్ షో రూపంలో జరిగింది. తుపాకులు పేలినంతసేపూ అమ్మ పాప చెవులు మూసింది, ఆవిడ చెవులు నాన్న మూశారు. ఫౌంటెను తుంపరలు నాన్న కళ్లద్దాల మీద పడటంతో జలక్రీడ కూడా అయిందనిపించాం.

కావ్యం రసపాకాన పడింది మాత్రం రైల్వేస్టేషన్ సెట్టు దగ్గర. మమ్మల్ని తిప్పుతున్న ఎర్రబస్సు దాని పక్కన నెమ్మదించగానే నాన్న వెన్ను నిటారైంది. ఉద్యోగ జీవితమంతా ఆ కళ్లలోకి తిరిగొచ్చింది.

"ఇక్కడ సిగ్నల్ ఎవరిస్తారమ్మా?" అని గైడు అమ్మాయిని అడిగారు.

"డైరెక్టరుగారండీ."

"పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు ఉందా? బ్రాడ్‌గేజికి అంతే ఉండాలి."

ఆ పిల్ల బిత్తరపోయి, స్టేషను పేరు కూడా సినిమాను బట్టి మారిపోతుందండీ, బోర్డు మార్చేస్తే చాలు అంది. నాన్న లేచి నిలబడ్డారు. స్టేషను పేరు మార్చాలంటే రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించాలనీ, కేంద్ర హోంశాఖ అభ్యంతరం లేదనాలనీ బస్సంతటికీ వివరించారు. వెనక సీట్లో ఎవరో చప్పట్లు కొట్టారు. మేము కుట్రపన్ని అమర్చిన వేడుకల్లో దేనికీ ఆయన మొహం అంతగా వెలగలేదని నిజాయితీగా చెప్పాలి.

రాత్రి బస తారా హోటల్లో. కేకు వచ్చింది. నాన్నకు షుగరు కనుక ఆయన వాటా గోరంత. డాలస్, వైజాగ్ తెరమీద ప్రత్యక్షమయ్యాయి. బావగారు బొటనవేలు ఎత్తారు. అప్పుడు అమ్మ "ఆ బిందె ఇటు పట్రా" అంది.

"అన్నీ తెలిసి అదెందుకు మోసుకొచ్చావమ్మా?" అన్నాను.

"గృహప్రవేశం అబద్ధమైతే బిందె కూడా అబద్ధమవుతుందా?"

రిబ్బను తెగింది, పట్టుబట్టలు జారాయి. బిందె మెడ చుట్టూ కొట్టువాడి చేత కొట్టించిన చుక్కల అక్షరాలు బయటపడ్డాయి. మేనేజరు పేరేమీ లేదు. నా పేరు, మా ఆవిడ పేరు, ఆపైన 'నూతన గృహప్రవేశ శుభాకాంక్షలతో, అమ్మా నాన్న'. తేదీ అన్నచోట మాత్రం ఖాళీ.

"ఎన్నాళ్లని అద్దెకుంటార్రా?" అన్నారు నాన్న, బుకింగు కిటికీ లోపలి గొంతుతో.

"తేదీ మీరే కొట్టించుకోండి" అంది అమ్మ. "అక్షరానికి రెండు రూపాయలు తీసుకున్నాడు. అంకెలకు ఇంకా తక్కువ పడుతుందట."